బండి ఆగితే ఫ్రిజ్‌కు కరెంటేదీ?
ట్రైలర్‌ బ్యాటరీకి ముందే లెక్క కట్టాలి

కుత్బుల్లాపూర్‌: మేడ్చల్‌ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై నిర్మల్‌, ఆదిలాబాద్‌ వైపు రోజుల తరబడి సాగే కుటుంబ యాత్రలో, బండి వెనుక తగిలించిన ట్రైలర్‌లో ఫ్రిజ్‌ ఉంటే పాలు, కూరగాయలు, మందులు చెడిపోవు. ఆ ఫ్రిజ్‌ బ్యాటరీపైనే ఆధారపడుతుంది. లెక్క తప్పితే మొదట ఇబ్బంది పడేది ఇన్సులిన్‌ వాడే పెద్దలే. శామీర్‌పేట జీనోమ్‌ వ్యాలీలో తయారయ్యే అనేక టీకాల మాదిరిగానే వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌నూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరచాలి.

ఒక్క రోజుకే సరి

12 వోల్టులపై నడిచే 60 వాట్ల ఫ్రిజ్‌ 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. కంప్రెసర్‌ ఆగి ఆగి నడుస్తుంది కనుక రోజుకు సుమారు 50 ఏహెచ్‌ ఖర్చవుతుంది. మే నెల ఎండల్లో ఇది మరింత పెరుగుతుంది. యాసిడ్‌ బ్యాటరీని తరచూ సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. అంటే 100 ఏహెచ్‌ బ్యాటరీ ఒక్క రోజుకే సరిపోతుంది.

తీగ సన్నమైతే ఛార్జింగ్‌ సున్నా

ఇంజిన్‌ నడుస్తుంటే ట్రైలర్‌ బ్యాటరీ దానంతటదే నిండుతుందనుకోవడం పొరపాటు. ఆల్టర్నేటర్‌ నుంచి 14 వోల్టులు బయలుదేరినా, పొడవైన సన్నని తీగలో వోల్టేజీ పడిపోయి బ్యాటరీ సరిగా నిండదు. మందపాటి రాగి తీగ వేయించి, రెండు చివర్లా ఫ్యూజులు అమర్చాలి. కొత్త తరం వాహనాల్లో ఆల్టర్నేటర్‌ వోల్టేజీని కంప్యూటర్‌ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి డీసీ-డీసీ ఛార్జర్‌ అవసరమవుతుంది.

ఇంజిన్‌ ఆగగానే రెండు బ్యాటరీలను వేరుచేసే రిలే తప్పనిసరి. అది లేకుంటే రాత్రంతా ఫ్రిజ్‌ బండి బ్యాటరీనే లాగేస్తుంది. తెల్లవారి సెల్ఫ్‌ కొట్టదు.

బయలుదేరే ముందు

* ముందురోజే ఇంటి కరెంటుతో ఫ్రిజ్‌ను, అందులోని సరుకును బాగా చల్లబరచాలి.
* మధ్యాహ్నం ట్రైలర్‌ను నీడలో నిలపాలి. 100 వాట్ల సోలార్‌ పలక ఉంటే దానిని విడిగా ఎండలో ఉంచాలి. రోజు ఖర్చులో దాదాపు సగం తిరిగి వస్తుంది.
* గ్యాస్‌తోనూ పనిచేసే ఫ్రిజ్‌ అయితే ప్రయాణంలో గ్యాస్‌ కట్టేయాలి. అది బ్యాటరీపై 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంజిన్‌ నడిచేటప్పుడే బ్యాటరీపై వాడాలి.
* ఫ్రిజ్‌ ఆపి కొంతసేపయ్యాక మీటరు 12.2 వోల్టులు చూపితే యాసిడ్‌ బ్యాటరీ సగమైనట్లే. వెంటనే ఛార్జింగ్‌ పెట్టాలి.
* ఇన్సులిన్‌కు ఐస్‌ ప్యాకుతో విడి డబ్బా సిద్ధంగా ఉంచుకోవాలి. మంచు నేరుగా తగలనీయరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్‌ వాడకానికి పనికిరాదు.