ఇసుకకు అద్దె లేదట!

మాఘమాసం ముహూర్తాలు బయటికి రాగానే ఆ మెసేజీ కూడా బయటికి వస్తుంది. ‘విశాఖలో ఫంక్షన్ హాలుకు లక్షలు పోసే బదులు అరవై మందిని తీసుకుని అండమాన్ వెళ్లండి. బీచ్ ఫ్రీ, ఇసుకకు అద్దె లేదు, కొబ్బరి చెట్లే డెకరేషన్. సగం ఖర్చుతో పెళ్లి.’ కింద, సూర్యుడు సముద్రంలో కుంకుతుండగా తలంబ్రాలు పోసుకుంటున్న జంట ఫోటో. పోర్ట్ బ్లెయిర్‌లోని తెలుగు ఇళ్లకు ఇది ఏదో ఒక చుట్టం దగ్గర్నుంచి చేరుతుంది. చివర ఒక ముక్క తగిలించి ఉంటుంది: ‘మీరక్కడే ఉన్నారుగా బావగారూ, మంచి బీచ్ ఒకటి చూసి పెట్టండి.’

చూసి పెట్టడానికేం, బీచులకు ఇక్కడ కరువు లేదు. బాధేమిటంటే, జనం ఈ లెక్క నమ్మి ముందు అడ్వాన్సు కట్టేసి, ఆ ఫోటోలోని బీచ్ ఉన్న హావ్‌లాక్ దీవి ఎక్కడుందో తర్వాత అడుగుతున్నారు. అడ్వాన్సు తిరిగి రాదు. పిలుపులు అయిపోయి ఉంటాయి కాబట్టి వెనక్కి తగ్గడానికీ వీల్లేదు. సగం ఖర్చుతో అయిపోతుందనుకున్న పెళ్లికి అప్పు చేసి, ‘మీరు ముందే చెప్పలేదు’ అని ఇక్కడి చుట్టాలమీద నిష్ఠూరం. కాబట్టి ముందే చెబుతున్నాను, వినేవాళ్లు వినండి.

అపోహ: అండమాన్ పెళ్లి సగం ఖర్చుతో అయిపోతుంది.

కాగితం తీసుకుని లెక్క వేద్దాం. అరవై మంది. విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో విమానం రానూపోనూ మనిషికి పదహారు వేలు అనుకుందాం. పెళ్లిళ్ల కాలమే టూరిస్టుల కాలం కూడా కాబట్టి ఇది దయతలచి వేసిన అంకె. 9 లక్షల 60 వేలు. విమానం దిగేది పోర్ట్ బ్లెయిర్‌లో, 2024 సెప్టెంబరు నుంచి కాగితాల మీద శ్రీ విజయపురంలో. మెసేజీ ఫోటోలో ఉన్న బీచ్ హావ్‌లాక్‌లో. అది వేరే దీవి, మధ్యలో సముద్రం. ఫెర్రీకి రానూపోనూ మనిషికి మూడు వేలు వేసుకున్నా 1 లక్ష 80 వేలు. ముప్పై గదులు, మూడు రాత్రులు, గదికి నాలుగు వేలు: 3 లక్షల 60 వేలు. మొత్తం 15 లక్షలు. ఇంకా పురోహితుడు రాలేదు, పందిరి పడలేదు, పప్పన్నం ఉడకలేదు. విశాఖ హాలు వాడు ఎంత అడిగాడో ఇప్పుడు మళ్లీ గుర్తు తెచ్చుకోండి.

ఓడలో వస్తే చవక కదా అంటారు. చవకే. విశాఖ నుంచి ఓడ రెండు రోజుల పైనే నడుస్తుంది, అదీ రోజూ ఉండదు, నెలకు ఒకటో రెండో. మీ ముహూర్తం చూసుకుని ఓడ బయల్దేరదు. అలవాటు లేనివాళ్లు రెండు రాత్రులు వాంతులు చేసుకుంటూ వచ్చి పీటల మీద కూర్చోవాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు తరాలుగా ఆ ఓడల మీదే తిరిగాయి, వాళ్లకు అది బస్సు ఎక్కినట్టే. మీ పెద్దమ్మగారికి కాదు.

ఇక బీచ్ ఫ్రీ అన్న మాట. చూడటానికి ఫ్రీ. పోటు గీతకూ ఆటు గీతకూ మధ్య ఉన్న ఇసుక ఏ రిసార్టు సొత్తూ కాదు, మీ సొత్తూ కాదు, ప్రభుత్వానిది. అక్కడ పందిరి వేయాలంటే, హోమం వెలిగించాలంటే, మైకు పెట్టాలంటే అనుమతి కావాలి. ఎవరిని అడగాలో బీచ్‌ని బట్టి మారుతుంది. కొన్ని అటవీ శాఖ కింద ఉంటాయి, కొన్నిటిని పర్యాటక శాఖ చూస్తుంది. తీరం మీద ఏం చేయొచ్చో ఏం కూడదో చెప్పడానికి దీవులకు ప్రత్యేకంగా 2019లో నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. హావ్‌లాక్‌లోని రాధానగర్ అయితే మరీ కట్టుదిట్టం. 2020లో మన రుషికొండతో పాటు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్ అది. శుభ్రంగా ఉంచుతామని మాటిచ్చి తెచ్చుకున్న జెండా. అక్కడ అక్షింతలూ పూలూ అరిటాకులూ చల్లి పోతామంటే ఎవరూ హారతి పట్టరు. రిసార్టువాడు ‘బీచ్ వెడ్డింగ్’ అని మీకు అమ్మేది చాలాసార్లు తన ఆవరణలోని పచ్చిక. దానికి అద్దె ఉంది, బాగానే ఉంది.

పోనీ అనుమతి వచ్చిందనుకుందాం. సముద్రాన్ని ఎవరు అడుగుతారు? ఇక్కడ ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం రెండు మీటర్ల దాకా మారుతుంది. పున్నమి, అమావాస్యల దగ్గర ఎక్కువ; అష్టమి, నవముల్లో తక్కువ. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో వలలు ఆరేసుకునే ఏ తెలుగు మత్స్యకారుణ్ని అడిగినా ఏ రోజు నీళ్లు ఎంతదాకా వస్తాయో చెబుతాడు. ఆ మాట అడగకుండా ఫాల్గుణ పున్నమికి దగ్గర్లో ముహూర్తం పెట్టుకుని నీటి అంచున మండపం కట్టించుకుంటే, కన్యాదానంలో వరుడి కాళ్లు కడిగే పని వరుణుడే చూసుకుంటాడు.

ఆ ఫోటో సంగతి కూడా తేల్చేద్దాం. రాధానగర్ పడమటి ఒడ్డున ఉంది, అక్కడ సూర్యాస్తమయం నిజంగానే గొప్పగా ఉంటుంది. కానీ హావ్‌లాక్‌లో రిసార్టులు ఎక్కువగా ఉన్నది తూర్పు ఒడ్డున, గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సముద్రంలోకి దిగడు. పైగా డిసెంబరులో ఐదు గంటలకల్లా పొద్దు వాలిపోతుంది. మాఘంలోనూ ఆరు దాకా ఆగదు. సాయంత్రం ఆరున్నరకు ఫోటోగ్రాఫర్‌ని రమ్మన్నవాళ్లకు దొరికేది చీకటి. ఆ చీకట్లో ఇసుక మీద ఫ్లడ్‌లైట్లు వేద్దామన్నా కుదరని చోట్లున్నాయి. శీతాకాలం రాత్రులు ఈ దీవుల్లో కొన్ని తీరాలకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, లైట్లు పడితే తాబేలు పిల్లలు దారి తప్పుతాయి.

డిసెంబరులో సముద్రం నిద్రపోతుందన్నది ఈ అపోహలకు తోబుట్టువు. 2016 డిసెంబరులో వాతావరణం చెడి హావ్‌లాక్, నీల్ దీవుల్లో 1,400 మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. ఫెర్రీలు ఆగిపోతే నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు ఆ దీవులు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయ్యాయి గానీ అక్కడి గాలికి ఆ కబురు అందలేదు. వధువు ఈ ఒడ్డున, వరుడు ఆ ఒడ్డున ఉండిపోతే ముహూర్తానికి నౌకాదళం బాధ్యత వహించదు.

చిన్నా చితకా అపోహలు ఇంకొన్ని. పాస్‌పోర్టు కావాలట: ఇది భారతదేశమే. తెలుగు పురోహితులు దొరకరట: 2011 జనగణన ప్రకారం ఇక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు, వాళ్లంతా పెళ్లి చేసుకోకుండానే పెరిగారా? పగడాలూ శంఖాలూ ఏరుకుని మండపం అలంకరిస్తే పైసా ఖర్చుండదట: పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికున్న రక్షణే వాటికీ ఉంది, కాబట్టి ఖర్చుంటుంది, కోర్టులో. ప్రీవెడ్డింగ్ షూట్‌కు జరావా ఆదివాసుల అడవి బాగుంటుందట: ఆ అడవి గుండా వెళ్లే రోడ్డు మీద కెమెరా బయటికి తీయడమే నేరం, ఆ ఆలోచన రావడం సిగ్గుచేటు. డ్రోన్ తెచ్చుకోవచ్చట: విమానాశ్రయమే నౌకాదళంతో పంచుకున్నది, అనుమతి లేకుండా ఎగరేసి చూడండి. రెండ్రోజుల్లో అక్కడే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టరు చేయించుకోవచ్చట: నోటీసు ఇవ్వడానికి ముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండాలి, నోటీసు తర్వాత ఇంకో 30 రోజులు ఆగాలి, అప్పటికి హనీమూన్ కూడా అయిపోతుంది. సర్టిఫికెట్ ఉంటే చాలు, తతంగం ఎప్పుడైనా పెట్టుకోవచ్చట: హిందూ వివాహ చట్టం కింద తంతు జరగనిదే సర్టిఫికెట్ ఒక్కదానితో పెళ్లి చెల్లదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక్కదాన్ని మాత్రం కొట్టిపారేయలేను. ‘మన పంచాంగం ముహూర్తం అక్కడ పనికిరాదు’ అని పెద్దవాళ్లు అంటే నవ్వేవాణ్ని. ముహూర్తాల మీద నాకు పెద్ద గురి లేదు. కానీ లెక్క వాళ్ల పక్షానే ఉంది. తిథీ నక్షత్రమూ మారే క్షణం గడియారం ప్రకారం విజయవాడలోనూ పోర్ట్ బ్లెయిర్‌లోనూ ఒకటే. లగ్నం అలా కాదు. అది ఊరి రేఖాంశాన్ని బట్టి ఉదయిస్తుంది. పోర్ట్ బ్లెయిర్ విజయవాడకు పన్నెండు డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై ఎనిమిది నిమిషాల తేడా. లగ్నం ఉండేదే రెండు గంటలు, అందులో పుష్కరాంశ అని మీరు పట్టుబట్టేది కొద్ది నిమిషాలు. విజయవాడకు గుణించిన సమయానికి ఇక్కడ జీలకర్రా బెల్లం పెడితే మీ శాస్త్రం ప్రకారమే ఆ ఘడియ దాటిపోయి ఉంటుంది. సూర్యోదయం నుంచి లెక్కపెట్టే రాహుకాలానిదీ అదే కథ. కాబట్టి నమ్మకం ఉంటే సరిగ్గా నమ్మండి. 11 డిగ్రీల 40 నిమిషాల ఉత్తర అక్షాంశం, 92 డిగ్రీల 44 నిమిషాల తూర్పు రేఖాంశం అని సిద్ధాంతిగారికి రాసివ్వండి. దానికి వేరే దక్షిణ అడిగితే ఇంకో సిద్ధాంతిని చూసుకోండి, కంప్యూటర్లో ఊరు మార్చడమే ఆ పని.

ఇదంతా విని అండమాన్‌లో పెళ్లే వద్దంటున్నానని అనుకోకండి. ఇక్కడి తెలుగువాళ్లలో దీనికి తలకిందులు అపోహ ఒకటుంది: దీవిలో చేస్తే పరువు తక్కువ, మెయిన్‌లాండ్ వెళ్లి చేస్తేనే ఘనత అని. పక్కింటి వాళ్లను వదిలేసి, యాభై టికెట్లు కొని, పదేళ్లుగా చూడని ఊరికి పోయి ఎవరి కోసం చేస్తున్నారో! బ్రిటిష్ కాలంలో శిక్ష పడి వచ్చిన ఆడామగా సూపరింటెండెంట్ అనుమతి తీసుకుని పెళ్లాడి కాపురాలు పెట్టిన నేల ఇది. కులమూ ప్రాంతమూ కట్నమూ అడిగే తీరిక వాళ్లకు లేదు. వాళ్ల సంతానమే ఇవాళ లోకల్ బోర్న్ అనిపించుకుంటున్నది, పరువుకు వాళ్లకేం లోటు రాలేదు.

చవకగా చేయాలంటే కిటుకు ఒక్కటే: విమానంలో దిగే వస్తువును తగ్గించి, ఇక్కడ మొలిచేదాన్ని వాడుకోవడం. బంతిపూలూ చామంతులూ ఎక్కువగా మెయిన్‌లాండ్ నుంచే రావాలి, వచ్చేసరికి వాటి ధర రెక్కలు కట్టుకుని ఉంటుంది. కొబ్బరీ పోకా అయితే ఈ దీవుల ప్రధాన పంటలు. తమలపాకులు ఇక్కడే పండుతాయి. అరటి చెట్లున్నాయి, మామిడాకులున్నాయి. తెలుగు పెళ్లి పందిరికి ఇంకేం కావాలి? ఉద్దానం నుంచి వచ్చినవాడికి కొబ్బరిమట్ట అల్లడం ఒకరు నేర్పాలా? ఇంటి ముందు పందిరి వేయించి, ద్వారానికి గెలతో ఉన్న అరటి చెట్లు కట్టి, పోకగెలలు వేలాడదీస్తే ఏ ఈవెంట్ మేనేజరూ అంత అందంగా చేయలేడు. థర్మకోల్ ఏనుగులూ నెమళ్లూ తలపెట్టకండి. 2022 జూలై 1 నుంచి అలంకరణ థర్మకోల్ దేశమంతటా నిషేధం, శుభలేఖకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ కూడా.

శుభలేఖ అన్నాను కాబట్టి: ఒకవైపు తెలుగు, ఒకవైపు హిందీ వేయించండి. మీ వీధిలో బెంగాలీలూ తమిళులూ మలయాళీలూ రాంచీవాళ్లూ అందరూ మాట్లాడుకునేది హిందీలోనే. పిలవడమే కాదు, పనీ పంచండి. చేపల పులుసు మీ పిన్ని చూసుకుంటే మిఠాయి బెంగాలీ పొరుగింటికి అప్పగించండి. క్యాటరర్ బిల్లులో ఎంత తగ్గుతుందో చూసుకోండి, పైగా ఆ విందు ఇంకో ఊళ్లో దొరకదు. మా ఇళ్లలో ఇప్పటికీ చాలా పెళ్లిళ్లు ఇలాగే అవుతున్నాయి, రీల్ తీసేవాడు లేక మీకు తెలియలేదు.

మెయిన్‌లాండ్ నుంచి వచ్చేవాళ్లకు రెండు మాటలు. పెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లోనే పెట్టుకోండి, ఫెర్రీ ఖర్చూ ఫెర్రీ భయమూ రెండూ తప్పుతాయి. హావ్‌లాక్‌కు ఆ తర్వాత కొత్త దంపతులను మాత్రం పంపండి. పన్నెండు పదిహేను మంది మించకుండా రండి, పగటి ముహూర్తం చూసుకోండి, మిగతా బలగానికి తిరిగి వెళ్లాక మీ ఊళ్లో భోజనాలు పెట్టండి. మోకాళ్ల నొప్పుల నానమ్మ మిమ్మల్ని దీవిస్తుంది. ఎండుకొబ్బరీ కర్పూరమూ విమానంలోకి రానివ్వరు, మూటలో పెట్టి కౌంటర్ దగ్గర గొడవపడకండి, ఇక్కడి బజార్లో కొనుక్కోండి. వచ్చినవాళ్లకు ఇచ్చేందుకు శంఖాల బదులు ఇక్కడి కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండే మిరియాలూ దాల్చినచెక్కా చిన్న గుడ్డసంచుల్లో కట్టివ్వండి, బరువుండదు, పోలీసూ ఆపడు. పెళ్లి ఇక్కడే నమోదు చేయించాలనుకుంటే ఏ కాగితాలు కావాలో బయల్దేరే ముందే కనుక్కోండి. వయసుకూ చిరునామాకూ రుజువులు, శుభలేఖ, తాళి కడుతున్న ఫోటో, సాక్షులు. ఆ సాక్షులకు మాత్రం మర్నాటి పొద్దుటి విమానానికి తిరుగు టికెట్టు కొనకండి.