కరువు సీమలో సుగరు

సుగరంటే కలిగినోళ్ల జబ్బని అనంతపురం పల్లెల్లో చాన్నాళ్లు అనుకున్నారు. ఇప్పుడు చెనక్కాయలు పీకే కూలీల ఇళ్లలోనూ ఆ మాత్రలు కనబడుతున్నాయి. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. 1876లో మొదలైన ధాత కరువును చూసిన నేల. కడుపు నిండా తినని చోటికి ఈ జబ్బెలా వచ్చిందని అడిగేవాళ్లకు జవాబు తల్లి కడుపులోనే ఉంది.

పూణే దగ్గరి ఆరు పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి గర్భిణులనూ, వాళ్లకు పుట్టిన బిడ్డలనూ గమనిస్తూ వచ్చింది. బిడ్డలు సగటున 2.7 కిలోలే తూగారు. కండ తక్కువ, అయినా ఒంట్లో కొవ్వు మాత్రం ఉంది. తల్లి అరకొర తిండితో మోసిన బిడ్డ, కొద్దిపాటి తిండికి సర్దుకున్న ఒంటితో పుడుతుంది. పెద్దయ్యాక మూడు పూటలా వరన్నం తింటే ఆ ఒళ్లు తట్టుకోలేదు. ఇక్కడ 1983లో సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని నేను తప్పు పట్టను. కొర్ర, సజ్జ, రాగులు పండించే రైతుకు అదే ఆసరా ఇవ్వకపోవడమే తప్పు.

జబ్బు వచ్చాక బతుకు ఇంకా కష్టం. సుగరు ముదిరితే పాదాలకు స్పర్శ పోతుంది. చేలో తుమ్మముల్లు దిగినా తెలియదు, పుండు చీము పట్టాకే చూసుకుంటారు. అప్పటికి వేలో, పాదమో తీసేయాల్సి రావచ్చు. ఇన్సులిన్ సంగతి మరొకటి. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఇక్కడ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాడుతున్న సీసానైనా, ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక మధ్య పెట్టిన మట్టికుండలో ఉంచితే గది వేడి నుంచి కొంత కాపాడుకోవచ్చు. ఈ ఉపాయాన్ని మందు రాసిచ్చేటప్పుడే చెప్పాలి. పెద్ద డాక్టరు కోసం బెంగుళూరు పోవాలంటే 200 కిలోమీటర్ల పైమాటే. రోగితోపాటు తోడు వెళ్లినవాళ్ల కూలీ కూడా పోతుంది.

ఈ సీమ పల్లెటూళ్లో వైద్యమూ పరిశోధనా కలిసి సాగవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ, బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్‌ఐవీ రోగులకు ఏళ్ల తరబడి వైద్యం చేసింది. వాళ్ల వివరాలను ఓపిగ్గా నమోదు చేసింది. ఆ నమోదుల నుంచి వచ్చిన పరిశోధన అంతర్జాతీయ వైద్య పత్రికల్లో అచ్చయింది. సుగరుకూ అలాంటి కేంద్రమే కావాలి. వచ్చిన ప్రతి రోగి చెప్పులు విప్పించి పాదాలు చూడాలి, కంటి రెటీనా పరీక్ష అక్కడే జరగాలి, గర్భిణులందరికీ సుగరు చూడాలి. పరీక్షకు రాలేని ముసలివాళ్ల దగ్గరికి నర్సే పోవాలి.

పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుసు. 2002లో వాన మొహం చాటేసింది. ఆ కరువులో కడుపున పడ్డ పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటాయి. కొందరు పెళ్లిళ్లై బిడ్డల్ని కంటున్నారు. ఊరూరా వాళ్ల పేర్లు రాసుకుని, ముందుగా వాళ్లకే రక్తపరీక్షలు చేయాలి.