రహదారిపై మూడవ మనిషి

తెలంగాణము, మహారాష్ట్రము, కర్ణాటకము కలిసికొను మూలలో జుక్కల్ ప్రాంతము కలదు. తెలుగు, మరాఠీ, కన్నడము మూడును ఇచ్చటి సంతలలో వినబడును. ఒకవైపు కౌలాస్ కోట. మరియొకవైపు మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఆనకట్ట. సంగారెడ్డి నుండి అకోలాకు పోవు 161వ జాతీయ రహదారి పిట్లము, మద్నూరు మీదుగా దెగ్లూరు దారి పట్టుచున్నది. పత్తి లారీలు, చెరకు ట్రాక్టర్లు, ధాన్యపు బస్తాల వ్యానులు, ఆర్.టి.సి. బస్సులు, వాటి నడుమ నిగనిగలాడు ఎత్తైన ఎస్‌యూవీ కార్లు ఈ ప్రాంతపు దారులపై నేడు నిత్యదృశ్యములు. ఈ బండ్లన్నిటి వెనుక కంటికి కనబడని కాగితమొకటి కలదు. అది బీమా పత్రము. బండిని చూచి మురియువారు పెక్కుమంది. ఆ పత్రమును చదువువారు అరుదు.

మన దేశమున వాహనము ఏనాడును కేవలము ప్రయాణసాధనముగా నుండలేదు. దేవతలకు సైతము వాహనములను కల్పించుకొన్న జాతి మనది. రాజునకు ఏనుగు, దొరకు పల్లకి, మోతుబరి రైతునకు గూడుబండియు కోడెల జతయు గౌరవచిహ్నములైనవి. పిదప జీపు వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యము కొరకు అమెరికాలో పుట్టిన ఆ బండిని 1947 నుండి మహీంద్రా వారు మన దేశమున బిగించి అమ్మసాగిరి. రోడ్డు లేనిచోట నడుచునదే గాని అందులో సుఖము తక్కువ. ఊరిలోనికి జీపు వచ్చినదన్న అధికారి వచ్చినాడని పల్లెవాసులు గ్రహించుచుండిరి. అదే వంశమున 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వెలువడినవి; 2009లో జపానువారి ఫార్చ్యూనర్ ఈ దేశపు విపణిలో ప్రవేశించినది. జీపునందలి బలమునకు మేడలోని సుఖము తోడైనది. చల్లని గాలి, మెత్తని ఆసనములు, నలుగురికంటె ఎత్తున కూర్చుండి దారిని చూచు సదుపాయము: వీనికి మనస్సు లోబడుట సహజము. నల్లరేగడి బురదలో, గతుకుల దారిలో ఆ ఎత్తు నిజముగా ఉపయోగకరమే. కావున ఆ కోరికను గేలిచేయ పనిలేదు. కాని ఆ ఎత్తునుండి చూచువానికి దారిప్రక్కన నడచు మనిషి ఎంత చిన్నగా కనబడుచున్నాడన్నది వేరు ప్రశ్న.

ఆ మనిషిని గుర్తుంచుకొనుటకే చట్టము మోటారు బీమాను నిర్బంధము చేసినది. బీమా ఒప్పందమున మొదటి పక్షము బండి యజమాని. రెండవ పక్షము బీమా కంపెనీ. మూడవ పక్షము ఆ ఒప్పందముతో ఏ సంబంధమును లేని బాటసారి. అతడు సంతకము చేయలేదు, సొమ్ము కట్టలేదు, తన పేరిట ఒక ఒప్పందము జరిగినట్లే ఎరుగడు. అయినను ఆ బండివలన అతనికి హాని కలిగినచో నష్టపరిహారము ముట్టవలెను. దీనినే థర్డ్ పార్టీ బీమా యందురు. బ్రిటనులో 1930 నాటి చట్టము దీనిని అవశ్యము చేసెను. మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టములోని బీమా భాగము 1946 జులై 1 నుండి అమలునకు వచ్చినది. దాని స్థానమున నేడున్నది 1988 చట్టము. తన బండికి తాను బీమా చేయించుకొనుట యజమాని ఇష్టము. ఎదుటివాని కొరకు చేయించుట మాత్రము విధి.

ఈ విధికి కట్టవలసిన ప్రీమియమును పరిశీలించినచో ఒక విచిత్రము తోచును. కేంద్రప్రభుత్వము 2022 జూన్ 1 నుండి అమలు చేసిన పట్టిక ప్రకారము 1500 సి.సి. దాటిన ఇంజను గల పెట్రోలు లేక డీజిలు స్వంత కారునకు ఏడాదికి 7,897 రూపాయలు. ఆ కారు వెల పదిహేను లక్షలైనను, కోటి రూపాయలైనను ఈ మొత్తము మారదు. మొత్తము బరువు 7,500 కిలోలకు మించని నాలుగు చక్రముల సరకు బండికి 16,049 రూపాయలు. బరువు 12,000 కిలోలు దాటి 20,000 లోపు గల లారీకి 35,313 రూపాయలు. కోటి రూపాయల కారుకంటె పాత లారీ నాలుగింతలకు పైగా ఏల కట్టవలెను? ఇచ్చట తూచబడునది యజమాని వైభవము కాదు, ఆ తరగతి బండ్లవలన ఇతరులకు కలుగు ప్రమాదము. రేయింబవళ్లు బరువుతో తిరుగు లారీ, సాయంకాలము పెండ్లికి పోవు కారు ఒకటి కావు గదా!

బండి వెల లెక్కకు వచ్చునది స్వంత నష్టపు బీమాయందు. అచ్చటను వైభవము త్వరగా కరగును. నిర్ణీత పట్టిక ప్రకారము రెండేండ్లు నిండి మూడవ ఏట నున్న బండి విలువలో నూటికి 30 వంతులు, నాలుగేండ్లు నిండి ఐదవ ఏట నున్నదానికి 50 వంతులు తరుగు తీయుదురు. నలుబది లక్షల కారు ఐదవ ఏట బీమా లెక్కలో ఇరువది లక్షలే. అప్పుచేసి కొన్నవానికి వాయిదాలు మాత్రము ఆ వేగమున తరుగవు.

ఇక వ్యాపారము కొరకు పెక్కు బండ్లు నడుపువారి సంగతి. బీమా యొక్క మూలసూత్రము ఇచ్చట స్పష్టమగును. ఒక్క లారీ గలవానికి ఈ ఏడు ప్రమాదము జరుగునో లేదో ఎవరును చెప్పజాలరు. వేయి లారీలున్నచో సుమారుగా ఎన్ని ప్రమాదములు జరుగునో అనుభవముచే చెప్పవచ్చును. సంఖ్య పెరిగినకొలది అనిశ్చయము తగ్గును. మన ఆర్.టి.సి. చరిత్రయే ఇందుకు ఉదాహరణము. 1932లో నిజాం స్టేట్ రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైనది. అది పెరిగి వేలాది బస్సుల సంస్థయైనది. ఇట్టి ప్రభుత్వ రవాణా సంస్థలు పరిహారము చెల్లించుటకు ప్రత్యేక నిధిని ఏర్పరచుకొన్నచో వానిని నిర్బంధ బీమా నుండి మినహాయించుటకు చట్టము వీలు కల్పించినది. పెద్ద సమూహము తనకు తానే బీమా కంపెనీ యగుచున్నది. రెండు లారీలు, ఒక వ్యాను గల జుక్కల్ వ్యాపారికి ఆ బలము లేదు. ఒక్క ప్రమాదమున ఇల్లు, పొలము పోవచ్చును. అతడు కట్టు ప్రీమియము ఊరుపేరు తెలియని వేలమంది లారీ యజమానులతో కలిసి వేసిన చందా వంటిది.

అయితే ఈ గొడుగు క్రిందికి రానివారును కలరు. 2022 మే 8వ తేదీన నిజాంసాగరు మండలము హసన్‌పల్లి గేటువద్ద, ఎల్లారెడ్డి నుండి జనులతో మరలి వచ్చుచున్న టాటా ఏస్ బండియు, ఒక లారీయు ఢీకొన్నవి. తొమ్మిదిమంది మరణించిరి. ఆ దుర్ఘటనపై తీర్పు చెప్పుట మన పని కాదు. అట్టి ప్రయాణములను గూర్చి చట్టమేమనుచున్నదో తెలిసికొనుట మాత్రము మన పని. సరకు బండిలో డ్రైవరునకు, ఆ బండి పనివారికి, సరకు యజమానికి లేక అతని ప్రతినిధికి నిర్బంధ బీమా వర్తించును. ఊరక ఎక్కిన ప్రయాణికులకు అది వర్తింపదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో తీర్పు చెప్పినది. ముందు బాధితులకు చెల్లించి, పిదప యజమానినుండి రాబట్టుకొనుడని న్యాయస్థానములు కొన్ని కేసులలో కంపెనీల నాజ్ఞాపించిన మాట నిజమే. కాని అది దయతో కూడిన తీర్పు, ముందుగా నమ్ముకొనదగిన హక్కు కాదు. కూలికి, సంతకు, పెండ్లికి, కర్మకు సరకు బండ్లలో పోవు పేదలే ఈ సందున పడుచున్నారు.

తెల్ల నంబరు ప్లేటు గల స్వంత కారును బాడుగకు త్రిప్పువారు సైతము జాగ్రత్తపడవలెను. బీమా పత్రమున ఆ బండి దేనికి ఉపయోగింపవలెనో వ్రాయబడి యుండును. స్వంత వాడుకకని వ్రాయించి కిరాయికి నడిపినచో, బండి చితికిననాడు కంపెనీ ఆ వాక్యమునే వ్రేలితో చూపును.

ఎత్తైన కార్ల విషయమున అమెరికాలో బీమా సంస్థల పోషణతో నడచు రహదారి భద్రతా పరిశోధన సంస్థ 2023లో ఒక సంగతి వెల్లడించినది. పాదచారులను కార్లు ఢీకొన్న సుమారు 18,000 ఘటనలను ఆ సంస్థ పరిశీలించినది. ముందుభాగము 30 అంగుళములకు మించక ఏటవాలుగా నున్న కార్లతో పోల్చగా, 40 అంగుళములకు మించిన ఎత్తు గల బండ్లు ఢీకొన్నపుడు మరణము కలుగు అవకాశము నూటికి 45 వంతులు హెచ్చని తేలినది. లోపల కూర్చున్నవానికి ధైర్యము నిచ్చు ఎత్తే వెలుపల నడచువానికి ముప్పగుచున్నది.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలోనికి తీసికొని పోవచ్చును. పిల్లలు తమ ఇంటి బండి బీమా పత్రమును తెచ్చి, గడువు ఎన్నడు ముగియునో, ఎందరికి వర్తించునో, వాడుక యేమని వ్రాసియున్నదో చదివినచో అది గణితమును, పౌరశాస్త్రమును కలిసిన పాఠమగును. పెద్దయైన పిదప వారు ఏ కారు కొందురో వారి ఇష్టము. కాని గడువు తీరిన పత్రముతో ఆ కారును రోడ్డెక్కించినవాడు, సంతకము చేయని ఆ మూడవ మనిషికి చట్టము చేసిన వాగ్దానమును త్రోవలో జారవిడిచి పోవుచున్నాడని మాత్రము వారికి నేడే తెలియవలెను.