చూస్తే బుల్లి ట్యాంక్.. పైన కప్పే లేదు! బ్రెన్ క్యారియర్ అసలు పనేంటి?

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్లాక్ అండ్ వైట్ వీడియోల్లో ఓ చిన్న బండి తరచూ కనిపిస్తుంది. ట్యాంక్‌లా ఇనుప పట్టాల మీద పరిగెడుతుంది. కానీ పైన కప్పు ఉండదు, ఫిరంగి ఉండదు. లోపల కూర్చున్న సైనికుల తలలు బయటికే కనిపిస్తాయి. దాని పేరు యూనివర్సల్ క్యారియర్. ఎక్కువ మంది పిలిచిన పేరు మాత్రం బ్రెన్ గన్ క్యారియర్.

ఎందుకు తయారు చేశారు?

మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్ గన్లకు ఎదురుగా నడిచి వెళ్లిన పదాతి సైనికులు కుప్పలుగా నేలకొరిగారు. ఆ అనుభవంతో 1930ల్లో బ్రిటన్‌కు చెందిన విక్కర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్స్ ఇలాంటి బండ్లు రూపొందించింది. ఆలోచన సింపుల్. ముగ్గురు సైనికులను, ఒక బ్రెన్ గన్‌ను కాల్పులు జరుగుతున్న మైదానం వేగంగా దాటించాలి. అక్కడ వాళ్లు దిగి పోరాడాలి. అంటే ఇది యుద్ధం చేసే బండి కాదు, యుద్ధానికి చేర్చే బండి.

ఎలా పనిచేసేది?

బరువు దాదాపు 4 టన్నులు. ఫోర్డ్ వీ8 ఇంజిన్‌తో గంటకు 48 కిలోమీటర్ల వేగం అందుకునేది. కారులాగే స్టీరింగ్ ఉండేది. కొంచెం తిప్పితే పట్టాలే కాస్త వంగి బండి మలుపు తీసుకునేది. గట్టిగా తిప్పితే ఒకవైపు పట్టాకు బ్రేక్ పడేది. నడపడం తేలిక, తయారీ చవక. అందుకే 1934 నుంచి 1960 వరకు సుమారు 1.13 లక్షలు తయారయ్యాయి. సాయుధ పోరాట వాహనాల్లో ఇన్ని మరేవీ తయారు కాలేదు.

అసలు ప్రమాదం అక్కడే

దీని ఉక్కు రేకు మందం 7 నుంచి 10 మిల్లీమీటర్లే. మామూలు రైఫిల్ తూటాలను ఆపుతుంది. గ్రెనేడ్ పైనుంచి పడితే ఆపేదేం లేదు. కింద మందుపాతర పేలినా అంతే.

ఆ ప్రమాదం ఏంటో ఓ భారతీయ అధికారికి బాగా తెలుసు. ఆయనే సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్ర సింగ్ భగత్. 1941 ఫిబ్రవరిలో ఇథియోపియాలో ఇటలీ సేనలను తరుముతున్న దళానికి ముందు, మొట్టమొదటి క్యారియర్‌లో ఆయనే ఉన్నారు. నాలుగు రోజుల్లో 55 మైళ్ల దారిలో 15 చోట్ల మందుపాతరలు తీయించారు. రెండుసార్లు ఆయన క్యారియర్ పేలిపోయింది. పక్కనున్నవాళ్లు బలయ్యారు. ఆయన కర్ణభేరి చిల్లు పడింది. తప్పుకోమన్నా వినలేదు. ఇప్పుడు ఈ పని తనకే బాగా వచ్చన్నది ఆయన సమాధానం. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ అందుకున్న తొలి భారతీయ అధికారి ఆయనే.

ఇప్పుడు కప్పు వచ్చింది

సైనికులను కాల్పుల మధ్యకు చేర్చాల్సిన అవసరం నేటికీ ఉంది. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2లు చేసేదీ ఆ పనే. కాకపోతే వాటిలో సైనికుల తల మీద ఉక్కు కప్పు ఉంటుంది. క్యారియర్‌లో వెళ్లినవాళ్లకు హెల్మెట్ ఒక్కటే.