ఇంట్లోనే మాచా లాటే: కుంకుమపువ్వు, ఖర్జూరం, గులాబీ రుచులతో

గడప తొక్కిన అతిథికి చాయ్ ఇవ్వకుండా పంపడం మన ఇళ్లలో ఎరగని సంగతి. అది ఇరానీ చాయ్ కావచ్చు, నిమ్మరసం పిండిన సులేమానీ కావచ్చు, అల్లం దంచి వేసిన పాల చాయ్ కావచ్చు. ఇప్పుడు కాలేజీలకు వెళ్లే పిల్లల నోట మరో పేరు వినిపిస్తోంది. అదే మాచా లాటే. నగరాల్లోని కెఫేలలో ఒక్క కప్పుకు తీసుకునే సొమ్ముతో ఇంటిల్లిపాదికీ ఒకటి రెండు రోజుల చాయ్ ఖర్చు వెళ్లిపోతుంది. దీన్ని ఇంట్లోనే చేసుకోలేమా అని సోదరీమణులు అడగడంలో ఆశ్చర్యం లేదు. తప్పకుండా చేసుకోవచ్చు. అయితే ఆ పొడి ఖరీదైనది, పైగా సున్నితమైనది. మన చాయ్‌పత్తీలాగే దాన్నీ మరిగే పాలలో వేస్తే చేదు కషాయం మిగులుతుంది, డబ్బూ వృథా అవుతుంది. అందుకే ముందు ఆ పొడి సంగతి చెప్పుకుందాం.

మాచా అంటే తేయాకు పొడి. మామూలు గ్రీన్ టీలో ఆకును నీళ్లలో నానబెట్టి, వడకట్టి, పిప్పి పారేస్తాం. మాచాలో పారేసేది ఏమీ ఉండదు, ఆకు మొత్తాన్నీ తాగేస్తాం. తేయాకు పొడిని వేడినీళ్లలో చిలికి తాగడం మొదట చైనాలో, సోంగ్ రాజుల కాలంలో ఉండేది. ఐసాయ్ అనే జపాను బౌద్ధ భిక్షువు 1191లో చైనా నుంచి తిరిగివస్తూ తేయాకు విత్తనాలు వెంట తెచ్చాడు. 1211లో తేనీటి గుణాలపై ఒక పుస్తకం కూడా రాశాడు. తర్వాతి కాలంలో చైనా ఆకు టీకి మళ్లింది. పొడి టీ జపానులో నిలిచిపోయింది. రాత్రివేళ ధ్యానంలో నిద్ర ముంచుకు రాకుండా భిక్షువులు దీన్ని తాగేవారు. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో మెలకువగా ఉండేందుకు కాఫీ తాగిన సంగతి మన పాఠకులలో చాలామందికి తెలిసిందే. రెండు పానీయాలూ మొదట ఆరాధకుల చేతుల్లోంచే బజారుకు వచ్చాయన్నమాట!

ఈ పొడికి అంత ధర ఎందుకు? కోతకు మూడు నాలుగు వారాల ముందు తోట మీద పందిరి వేసి, ఎండ తగలకుండా కప్పేస్తారు. వెలుతురు తగ్గగానే మొక్క ఆకులో పచ్చదనాన్ని పెంచుకుంటుంది. ఆకులో థియనైన్ అనే పదార్థం ఉంటుంది. నాలుకకు కమ్మదనం ఇచ్చేది అదే. ఎండ తగిలితే అది వగరుగా మారిపోతుంది, నీడలో ఉంటే నిలుస్తుంది. కోసిన ఆకును ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేసి, మిగిలిన మెత్తని భాగాన్ని తిరగలిలో విసురుతారు. రాతి తిరగలి గంటసేపు తిరిగితే వచ్చే పొడి సుమారు 40 గ్రాములే. వేగం పెంచితే రాయి వేడెక్కి వాసన చెడుతుంది. మీరు కొనే 30 గ్రాముల డబ్బా వెనుక ముప్పావు గంట తిరగలి శ్రమ ఉందని గుర్తుంచుకుంటే, ఆ పొడిని సలసల కాగే పాలలో పోయడానికి చేయి రాదు.

కొనేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. ప్రపంచమంతటా గిరాకీ పెరిగి, 2024 శరదృతువులో క్యోటోలోని పేరున్న దుకాణాలే ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలని పరిమితి పెట్టాయి. 2025లో ధరలు ఇంకా పెరిగాయి. ఇలాంటప్పుడు ఆకుపచ్చగా ఉన్న ప్రతి పొడినీ మాచా అని నమ్మితే నష్టపోతాం. మామూలు గ్రీన్ టీ పొడి మాచా కాదు. దానికి నీడ పంట లేదు, ఆ కమ్మదనమూ లేదు. డబ్బా మీద ‘సెరిమోనియల్’ అనో ‘కలినరీ’ అనో రాసి ఉంటుంది. వీటికి చట్టం ఇచ్చిన అర్థమేమీ లేదు, అమ్మేవారు పెట్టుకున్న పేర్లే. చూడవలసింది రంగు. లేత గరికలా నిగనిగలాడితే మంచిది, పసుపు కలిసిన ఎండుగడ్డి రంగులో ఉంటే పాతదో నాసిరకమో అయి ఉంటుంది. ఉజి, నిషియో, యామె, కగోషిమా వంటి పంట ప్రాంతం పేరు రాసి ఉంటే మరీ మంచిది. ఇక ‘మాచా లాటే మిక్స్’ పేరుతో వచ్చే పొట్లాలు ఉన్నాయి. వెనక్కి తిప్పి చూడండి. మన దేశంలో పదార్థాల పేర్లను ఎక్కువ బరువున్న దానితో మొదలుపెట్టి వరుసగా రాయాలన్నది నియమం. మొదటి పేరు చక్కెర అయితే, మీరు కొంటున్నది రంగు వేసిన చక్కెరే. అంతకంటే గులాబ్ షర్బత్ తాగడం నయం, చౌక కూడా.

ఇప్పుడు తయారీకి వద్దాం. లాటే అంటే ఇటాలియన్ భాషలో పాలు. ఒక కప్పుకు చెంచాడు మాచా, అంటే సుమారు 2 గ్రాములు సరిపోతుంది. దాన్ని సన్నని టీ జాలిలో వేసి కప్పులోకి జల్లించాలి. ఈ పని బద్ధకించవద్దు. పొడి మరీ మెత్తనిది కాబట్టి ఉండలు కడుతుంది, తడిసిన ఉండ ఎంత చిలికినా విడదు. తర్వాత నీళ్లు. మరిగించిన నీళ్లను, చాయ్ చల్లార్చినట్టు, ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి రెండు మూడు సార్లు తిరగబోస్తే 80 డిగ్రీల దగ్గరికి వస్తాయి. అవి 50 మిల్లీలీటర్లు, అంటే చిన్న ఇరానీ చాయ్ కప్పులో సగానికి కాస్త ఎక్కువ, పొడి మీద పోసి చిలకాలి. జపానువారు వెదురుతో చేసిన చిన్న కుంచె వంటి సాధనంతో చిలుకుతారు. అది లేకపోతే బెంగ లేదు. మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలో పోసి, గుడ్డతో పట్టుకుని, అర నిమిషం గట్టిగా కుదిపితే చాలు. వేడినీళ్లకు లోపల ఆవిరి ఒత్తిడి పుడుతుంది కనుక సీసా సగానికి మించి నింపవద్దు, మూత నెమ్మదిగా తీయండి. పైన సన్నని నురుగు తేలితే పని కుదిరినట్టే.

పాలు 150 మిల్లీలీటర్లు. ఇంట్లో ముందే కాచి ఉంచిన పాలైతే వేలు పెట్టి ఓర్చుకోలేనంత వేడికి తెస్తే సరి, మళ్లీ పొంగించనక్కర్లేదు. చిక్కటి గేదె పాలు దీనికి అంతగా కుదరవని మా అభిప్రాయం. ఆ వెన్న టీ రుచిని కప్పేస్తుంది. 3 శాతం కొవ్వు ఉండే టోన్డ్ పాలు నప్పుతాయి, కొబ్బరి పాలు ఇంకా బాగుంటాయి. పాలను కూడా సీసాలో కుదిపి, నురుగుతో సహా మాచా మీద నెమ్మదిగా పోయాలి. ఇదే మూలం. రుచులన్నీ దీని మీద కట్టుకునేవే.

రుచుల విషయంలో మనకు కొత్తగా నేర్పేవారు అక్కర్లేదు. కశ్మీరీలు ఖహ్వాలో పచ్చ తేయాకుతోనే కుంకుమపువ్వు, ఏలకులు, బాదం కలుపుతారు. మొరాకోలో 19వ శతాబ్దం నుంచి పచ్చ తేయాకులో పుదీనా వేసి తాగుతున్నారు. ఈ రెండు దేశవాళీ జోడీలూ మాచాకు చక్కగా అతుకుతాయి. నాలుగైదు కుంకుమపువ్వు రేకలు, ఒక ఏలక్కాయ గింజల పొడి పాలలో వేసి, పది నిమిషాలు మూతపెట్టి, వడకట్టి వాడండి. దీనికి చక్కెర చిటికెడు చాలు. పుదీనా అయితే ఏడెనిమిది ఆకులు నలిపి వేడి పాలలో అయిదు నిమిషాలు ఉంచి తీసేయాలి, ఉడికిస్తే కూర వాసన వస్తుంది.

మా లెక్కలో అన్నిటికంటే మేలైనది ఖర్జూరం. మెత్తని పండ్లు రెండు గింజలు తీసి, గోరువెచ్చని పాలలో పావుగంట నానబెట్టి, మిక్సీలో మెత్తగా రుబ్బి వడకట్టండి. చక్కెర అక్కర్లేదు. ఖర్జూరంలోని బెల్లపు రుచి మాచా చేదును చంపదు, దాని పక్కన కూర్చుంటుంది. ఇంకా తేలిక దారి ఒకటుంది. సంప్రదాయ పద్ధతిలో జపానువారు మాచాలో పాలూ చక్కెరా కలపరు. ముందు ఒక చిన్న మిఠాయి తిని, ఆ తీపి నోట్లో ఉండగానే చేదు టీ తాగుతారు. ఇదే పద్ధతిలో ఒక ఖర్జూరపు పండు తిని, తీపి లేని లాటే తాగి చూడండి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఆ ఒక్క పండునూ తమ లెక్కలో వేసుకోవాలి.

గులాబీకి వస్తే, తినడానికి పనికివచ్చే పన్నీరు అర చెంచా చాలు. ముఖానికి రాసుకునే పన్నీరు వేరు, అది వంటకు పనికిరాదు. 1907లో పుట్టి ఇంటింటి షర్బత్‌గా మారిన రూహ్ అఫ్జా వాడదామని చాలామందికి తోస్తుంది. అందులో గులాబీ ఒక్కటే కాదు, పండ్లూ మూలికలూ ఎన్నో ఉన్నాయి. వాటి జనసమ్మర్దంలో మాచా ఎక్కడుందో వెతుక్కోవాలి! పైగా ఎరుపూ పచ్చా కలిస్తే బురద రంగు వస్తుంది. అయినా పిల్లలు పట్టుబడితే గ్లాసు అడుగున ఒక్క చెంచా పోసి, మంచు ముక్కలు, చల్లని పాలు, చివర చల్లారిన మాచా పోయండి. మూడు రంగులూ మూడు అంతస్తులుగా నిలుస్తాయి. బంగినపల్లి రోజుల్లో అదే తీరున అడుగున మూడు చెంచాల మామిడి గుజ్జు వేసుకోవచ్చు. దాన్ని వేడి పాలతో మాత్రం కలపవద్దు. పండులో పులుపు ఉంటే పాలు విరుగుతాయి. బెల్లానికీ ఇదే హెచ్చరిక. అల్లం, మసాలా మాచాలో వేయవద్దు, అవి దాన్ని మింగేస్తాయి.

వనిల్లా రుచి చాలామందికి ఇష్టం. ఇక్కడ మన పాఠకులు ఒక మాట తెలుసుకోవాలి. ‘వనిల్లా ఎక్స్‌ట్రాక్ట్’ పేరుతో అమ్మే ద్రవంలో ఆల్కహాల్ ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారమైతే అది కనీసం 35 శాతం ఉండాలి. ఎసెన్సులలో కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. సీసా మీద సన్నని అక్షరాలు చదవందే తెలియదు. కెఫేలో వాడే సిరప్ సీసాను మనం చూడలేం, ఇంట్లో అయితే చూడగలం. వనిల్లా కాయను చీల్చి లోపలి గింజలు పాలలో వేసినా, వనిల్లా పొడి వాడినా ఈ చిక్కే ఉండదు.

ఈ పానీయం అందరికీ, అన్ని వేళలా పనికివస్తుందని మేము చెప్పడం లేదు. తేయాకులోని వగరు పదార్థాలు ఆకుకూరలు, పప్పుల నుంచి శరీరం తీసుకునే ఇనుమును అడ్డుకుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే సగానికి పైగా! అసలే రక్తం తక్కువగా ఉన్న ఇంటి ఆడపిల్ల, ఆరోగ్యానికి మంచిదని ఎవరో చెప్పగా, భోజనం పళ్లెం పక్కనే పచ్చని కప్పు పెట్టుకుంటే మేలుకు బదులు కీడు జరుగుతుంది. భోజనానికీ దీనికీ కనీసం గంట ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవారు ఆ మాత్రనూ దీనితో కలిపి మింగవద్దు. 2 గ్రాముల మాచాలో రకాన్ని బట్టి 40 నుంచి 90 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది. గర్భిణులు రోజు మొత్తం మీద 200 మిల్లీగ్రాములు దాటవద్దని వైద్యులు చెబుతారు. అందులో చాయ్, కాఫీల లెక్క కూడా కలుస్తుంది.

రమజాన్‌లో వేళ చూసుకోవాలి. ఖాళీ కడుపున మాచా తాగితే కొందరికి వికారం పుడుతుంది. కాబట్టి ఖర్జూరం, నీళ్లతో ఇఫ్తార్ చేసి, ఏదైనా తిని, మగ్రిబ్ తర్వాత గంట ఆగి, తరావీహ్‌కు వెళ్లే ముందు అర చెంచా పొడితో తాగడం అనువైన వేళ. తరావీహ్ ముగించుకుని వచ్చాక తాగితే, తాగిన కెఫీన్‌లో సగం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. సహరీకి లేవవలసినవారికి ఆ నిద్ర ముఖ్యం.

డబ్బా తెరిచిన తర్వాత గాలి, వెలుతురు, వేడి మూడూ దానికి శత్రువులే. పొయ్యి పక్క అలమరలో పెట్టవద్దు. మూత బిగించి, మరో గాలి చొరని డబ్బాలో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి, మసాలా డబ్బాలకు దూరంగా. ఎందుకంటే పొడి పక్కవాటి వాసన పీల్చుకుంటుంది. వాడేటప్పుడు బయటికి తీసి, చల్లదనం పోయాకే మూత తెరవాలి. లేకపోతే గాలిలోని తేమ చేరి పొడి గడ్డకడుతుంది. 30 గ్రాముల డబ్బా 15 కప్పులకు వస్తుంది, నెలా రెండు నెలల్లోపు వాడేయండి. పెద్ద డబ్బా చౌకగా వస్తోందని ఒక్కరే కొనేకంటే, ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుని కొన్న రోజే పంచుకోవడం మంచిది.