చాళ్ళలోని తెలుగు శిశువు: బడికి ముందు స్వావలంబనము

కామాఠీపురకు ఆ పేరు వచ్చుటకు కారణము మనవారే. నిజాము రాజ్యమునుండి బొంబాయికి వలస వచ్చి, ఇక్కడి కట్టడములకు రాయియు సున్నమును మోసిన శ్రామికులను కామాఠీలనిరి. వారిలో పెక్కుమంది తెలుగువారు. పిమ్మట వచ్చిన పద్మశాలీలు బట్టల మిల్లులలో చేరి, వర్లీ, లోయర్ పరేలు ప్రాంతముల చాళ్ళలో కాపురముండిరి. 1982 నాటి సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగ మూతపడినవి. నేడు కొన్ని చాళ్ళ స్థానమున బహుళ అంతస్తుల భవనములు లేచుచున్నవి. ఈ చరిత్రను మనము సభలలో చెప్పుకొనుచునే యున్నాము. కాని ఆ యొంటిగది యింటిలో మూడేండ్ల శిశువు తన పనులు తాను చేసికొనుట ఎట్లు నేర్చి, బడికి సిద్ధము కావలెనను విషయము మనలో అంతగా చర్చకు రాలేదు. అది చిన్న విషయము కాదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

చాళ్‌లో ఇల్లనగా సాధారణముగ ఒక్క గది. 1920 దశకమున బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు కట్టించిన చాళ్ళలో గది వైశాల్యము 160 చదరపు అడుగులు మాత్రమే. వంట, నిద్ర, పూజ, చదువు అన్నియు అందులోనే. మూలనొక మోరీ, బయట పొడవైన వరండా, అంతస్తుకంతకు ఉమ్మడి మరుగుదొడ్లు. ఉదయము నీరు వచ్చు వేళలోనే బిందెలు నిండవలెను, డబ్బాలు కట్టవలెను, పనికి పోవువారు బయలుదేరవలెను. ఆ తొందరలో తల్లి శిశువునకు తానే స్నానము చేయించి, తానే గుండీలు పెట్టి, తానే ముద్దలు తినిపించును. ఇది ప్రేమయే, కాలము కలిసివచ్చు ఉపాయమును కూడ. అయితే దాని ఫలితము బడిలో తెలియును.

బాల్వాడిలో పంతులమ్మ ఒకరే, పిల్లలు పెక్కుమంది. లాగు ముడి విప్పుకొనలేని బిడ్డ, తన యవసరమును చెప్పుటకు మాట రాని బిడ్డ, బట్టలు తడుపుకొనును. తోటివారు నవ్వుదురు. మరునాడు బడి యనగానే గుమ్మము పట్టుకొని యేడ్చును. పెద్దలు ‘వీనికి చదువు అబ్బదు’ అని తీర్మానింతురు. ఇచట లోపించినది బుద్ధి కాదు. ముడి విప్పు అలవాటు.

ఆధునిక శిశువిద్య ఇట్టి ఇరుకిండ్ల నడుమనే రూపొందినదని మనము గుర్తింపవలెను. 1907 జనవరి 6న డాక్టరు మరియా మాంటిస్సోరి రోము నగరమున సాన్ లొరెంజో అను పేదల పేటలో తన మొదటి శిశుగృహమును తెరచెను. తల్లిదండ్రులు పనికి పోగా, అద్దె యిండ్ల మెట్లమీద తిరుగు పిల్లలే అందలి విద్యార్థులు. ఒకనాడామె ముక్కు చీదుకొను విధమును మెల్లగ చూపగా, పిల్లలు చప్పట్లు కొట్టిరి. ముక్కు కారుచున్నదని అంతవరకు అందరును గద్దించినవారే; ఎట్లు తుడుచుకొనవలెనో చూపినవారు లేరు.

మనదేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామమున బాలశిక్షణ కేంద్రము నారంభించి, బడికి రాలేని పిల్లల ముంగిటికే బడిని కొనిపోయెను. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకపు అంగన్‌వాడీల పేరులోని అంగణమనగా ఆ ముంగిలియే. మనకు చాళ్ వరండాయే అంగణము.

ఇక ఇంట చేయదగిన పనులు. మొదటిది, వస్తువులు బిడ్డ చేతికందునట్లుంచుట. మోరీ దగ్గర చిన్న చెంబు, గోడకు తక్కువ యెత్తున మేకు, దానికి వాని తువాలు, గుమ్మము ప్రక్క చెప్పులకు చోటు. ఇంతకు మించి స్థలమక్కరలేదు.

రెండవది, బట్టలు. తొడుగుటకంటె విప్పుట సులభము. కనుక ముందు విప్పుటయే నేర్పవలెను. ఎలాస్టిక్ నడుముగల లాగును మూడేండ్ల బిడ్డ తొడుగుకొనగలడు. గుండీలు నాలుగేండ్లకు, బూటు లేసులు ఐదారేండ్లకు గాని సాధారణముగ పట్టుబడవు. పని చివరి భాగమును బిడ్డకు విడుచుట మంచి పద్ధతి: చొక్కాను తల్లి తలమీదుగ దించును, క్రిందికి లాగుకొనుట బిడ్డ పని. పని ముగించిన సంతోషము వానికి దక్కును.

మూడవది, భోజనము. కొంచెము క్రింద పడినను తన చేతితో తిననిచ్చి, పడినది తానే తుడుచునట్లు గుడ్డ యొకటి ఇయ్యవలెను.

నాల్గవది, మరుగుదొడ్డి. ఉమ్మడి దొడ్డికి బిడ్డ నొంటరిగ పంపరాదు; తల్లియో అవ్వయో తలుపు కడ నిలువవలెను. కడుగుకొనుట, సబ్బుతో చేతులు తోముకొనుట మాత్రము వానిచేతనే చేయింపవలెను. రాత్రి పక్క తడుపుట ఐదేండ్ల బిడ్డలలోను సామాన్యము, దానికై సిగ్గుపరుపరాదు.

ఐదవది, భాష. మన బిడ్డ ఇంట తెలుగు, వరండాలో హిందీ, బడిలో మరాఠీయో ఇంగ్లీషో వినును. ఆకలి, దాహము, నొప్పి, భయము అనువానిని ముందు తెలుగున చెప్పగలిగినచో, వాటికి బడి భాషలో మాటలు నేర్చుట సులువగును. మరాఠీ బడికి పోవు బిడ్డకు ‘మలా పాణీ పాహిజే’, ‘మలా శూలా జాయ్‌చంయ్’ అను రెండు వాక్యములైనను ముందుగ వచ్చియుండవలెను.

వీనిని ఉదయపు తొందరలో నేర్పబూనరాదు. సాయంకాలము పది నిమిషములు, ఆదివారము మరికొంత సేపు చాలును. మగబిడ్డ గదా, అక్క చేసిపెట్టునులే యను మాట విడువవలెను. అది తమ్ముని అసమర్థుని జేయును, అక్క చదువు కాలమును హరించును. పొయ్యి, వేడినీరు, మేడమెట్లు, వరండా కటకటాలు మాత్రము పెద్దల కాపుదలలోనివే. స్వావలంబనమనగా బిడ్డను వదలివేయుట కాదు.

మన సంఘములు పరీక్షలలో నెగ్గిన విద్యార్థులకు బహుమతు లిచ్చుట శ్లాఘనీయము. జూన్ మాసమున బడులు తెరచుటకు ముందు ఒక్క ఆదివారము ప్రతి చాళ్ వరండాలోను తల్లులను, అవ్వలను కూర్చుండబెట్టి ఈ విషయములను ముచ్చటించిన, ఆ బహుమతులందుకొను చేతులు మరికొన్ని పెరుగును. బడి మొదటినాడు బిడ్డ తన చెప్పులు తాను విడిచి, వరుసలో పెట్టి, వెనుదిరిగి చూడక లోనికి పోయినచో, ఆ యింటి చదువు సగము నిలిచినట్లే.