నల్లమల దిగుడు రోడ్డు, పాత జీపు బ్రేకు

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే రోడ్డు దిగువమెట్ట దాటాక నల్లమల కొండల్లో మలుపులు తిరుగుతూ సాగుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డుదీ అదే తీరు. మార్కాపురం, కంభం ప్రాంతపు చదును రోడ్ల మీద ఏళ్ల తరబడి కనిపించని బ్రేకు లోపాలు ఈ ఘాట్లలో ఒక్క దిగుడులోనే బయటపడతాయి, ఎందుకంటే చదును నేల మీద ఒకసారి బ్రేకు వేసిన తరువాత మళ్లీ వేసేలోగా అది చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది, దిగుడులో ఆ వ్యవధి ఉండదు. పాత జీపును ఊడదీసి, వేరే ఇంజనూ పెద్ద చక్రాలూ బిగించి మళ్లీ రోడ్డెక్కించేవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఈ వేడి సంగతే.

జీపు మన దేశానికి విడిభాగాల బండిగానే వచ్చింది. అమెరికాలోని విల్లీస్ సంస్థ నుంచి 1947లో పెట్టెల్లో దిగుమతైన భాగాలను మహీంద్రా సంస్థ బొంబాయిలో కూర్చి బండ్లుగా నిలబెట్టింది. మజగావ్‌లో కూర్చిన తొలి జీపు 1949లో బయటికి వచ్చింది. ఏ భాగాన్నైనా మామూలు పానాలతో విప్పి బిగించగల ఆ నిర్మాణమే దానికి దీర్ఘాయువునిచ్చింది. అయితే ఆ బండికి అమర్చిన తొమ్మిది అంగుళాల డ్రమ్ము బ్రేకులు సుమారు 60 గుర్రపు శక్తి గల ఇంజనునూ, సన్నని టైర్లనూ, తక్కువ వేగాన్నీ లెక్కలో పెట్టుకుని చేసినవి కాబట్టి, ఇంజను మారినప్పుడు బ్రేకు మారకపోతే ఆ లెక్క తప్పుతుంది.

ఆ బ్రేకులు ద్రవపీడనంతో పనిచేసేవి. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందన్న సూత్రాన్ని ఫ్రాన్సు శాస్త్రవేత్త పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పగా, దాన్ని మోటారు వాహనానికి అన్వయించి అమెరికాకు చెందిన మాల్కమ్ లాక్‌హీడ్ 1917లో పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ పద్ధతిని అమర్చుకుంది. డ్రైవరు పెడల్ మీద 20 కిలోల బలం వేస్తే, పెడల్ మీటకు ఆరు రెట్ల లాభం ఉన్నప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ మీద 120 కిలోల బలం పడుతుంది. ఆ సిలిండర్ వ్యాసం ఒక అంగుళమైతే దాని వైశాల్యం సుమారు ఐదు చదరపు సెంటీమీటర్లు కనుక, బ్రేకు ఆయిల్‌లో చదరపు సెంటీమీటరుకు దాదాపు 24 కిలోల పీడనం పుడుతుంది. ఆ పీడనమే గొట్టాల ద్వారా చక్రాల దగ్గరి వీల్ సిలిండర్లకు చేరి, లైనర్ అతికించిన అర్ధచంద్రాకారపు బ్రేకు షూలను తిరిగే డ్రమ్ము లోపలి గోడకు అదుముతుంది.

ఇక వేడి సంగతి. కదిలే బండి శక్తి బ్రేకులో మాయం కాదు, వేడిగా మారుతుంది. 1,500 కిలోల జీపు స్థిరమైన వేగంతో 100 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు ఆ భారమంతా బ్రేకుల మీదే వేస్తే సుమారు 14.7 లక్షల జౌళ్ల వేడి పుడుతుంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న నాలుగున్నర లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి ఇది చాలు. నాలుగు డ్రమ్ముల ఇనుము మొత్తం 24 కిలోలని అనుకుని, బయటికి పోయే వేడిని లెక్కించకపోతే, ప్రతి 100 మీటర్ల దిగుడుకూ వాటి ఉష్ణోగ్రత సుమారు 130 డిగ్రీలు పెరుగుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది కాబట్టి పెడల్ మరింత లోపలికి పోతుంది. అదే సమయంలో లైనర్ ఘర్షణ గుణం తగ్గుతుంది కాబట్టి ఎంత తొక్కినా బండి ఆగనంటుంది. ఇంజనీర్లు దీన్ని బ్రేకు ఫేడ్ అంటారు. చల్లారగానే బ్రేకు మళ్లీ మామూలుగా పట్టడంతో, షెడ్డుకు చేరిన బండిలో మెకానిక్కుకు ఏ లోపమూ కనబడకపోవచ్చు.

లోపాన్ని పట్టుకోవడానికి పెడల్ చెప్పే లక్షణాలే మొదటి ఆధారం. మెత్తగా స్పాంజిలా దిగి, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడే పెడల్ గొట్టాల్లో ఎయిర్ పట్టిందని తెలుపుతుంది, ఎందుకంటే గాలి నలుగుతుంది, ద్రవం దాదాపుగా నలగదు. పాదం అలాగే ఉంచితే మెల్లగా కిందికి జారిపోయే పెడల్, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు అరిగాయనడానికి గుర్తు. ఘాటులో మాత్రమే మెత్తబడే పెడల్ పాత ఆయిల్ వైపు వేలు చూపుతుంది: బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, డాట్-4 రకపు తాజా ఆయిల్ కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు కాగా తేమ పట్టిన తరువాతి పరిమితి 155 డిగ్రీలే, ఆపైన పుట్టే ఆవిరి బుడగలు గాలిలాగే నలుగుతాయి. బండి ఒక పక్కకు లాగుతుంటే ఎదురు పక్క వీల్ సిలిండర్ పట్టేసి ఉండవచ్చు, లేదా ఒక చక్రం లైనర్‌కు ఆయిల్, గ్రీజు అంటి ఉండవచ్చు. వానాకాలంలో సగిలేరు, గుండ్లకమ్మ వాగులు దాటిన తరువాత కొంత దూరం ఇలా లాగితే డ్రమ్ముల్లో చేరిన నీరే కారణం. తక్కువ వేగంలో బ్రేకును కొద్దికొద్దిగా వేస్తూ పోతే ఆ వేడికి లైనర్లు ఆరతాయి. డ్రమ్ము విప్పినప్పుడు కనిపించే దుమ్మును గాలి పైపుతో ఊదకూడదు, పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి తడిగుడ్డతో తుడవాలి.

ఇవన్నీ సరిచేసిన తరువాతే మెరుగుదల మాట రావాలి. మొదట మార్చవలసింది మాస్టర్ సిలిండర్. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ మార్గం ఉండటంతో ఎక్కడ ఒక్క గొట్టం చిట్లినా మొత్తం బ్రేకు పోతుంది. ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటిగా రెండు మార్గాలున్న జంట సిలిండర్‌లో ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. అయితే పెద్దదైతే మంచిదనుకుని అంగుళం స్థానంలో అంగుళం మీద ఎనిమిదో వంతు, అంటే 28.6 మిల్లీమీటర్ల సిలిండర్ బిగిస్తే, వైశాల్యం పెరిగినంత మేరకు పీడనం తగ్గి 24 కిలోలు 19కి పడిపోతుంది. పెడల్ గట్టిగా తగులుతుంది గానీ బండి ఆగడానికి మరింత బలం కావాలి. ఆ లోటును తీర్చే బూస్టర్‌కు వాక్యూమ్ అవసరం. పెట్రోలు ఇంజను పీల్పు గొట్టంలో అది సహజంగా పుడుతుంది, డీజిలు ఇంజనుకు విడిగా వాక్యూమ్ పంపు ఉండాలి. పంపు లేకుండా బిగించిన బూస్టర్ బరువే తప్ప సాయం కాదు.

రెండో మెట్టు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు. 1902లో ఇంగ్లండులో లాంచెస్టర్ పేటెంటు పొందిన ఈ పద్ధతి, 1953లో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు లె మాన్స్ పందెం గెలిచిన తరువాత ప్రసిద్ధికెక్కింది. డిస్కు గాలికి తెరుచుకుని ఉండి త్వరగా చల్లారుతుంది, వేడికి వ్యాకోచించినా దాన్ని అదిమే ప్యాడ్ నుంచి దూరం జరగదు, నీటిని విదిల్చేస్తుంది. కానీ డ్రమ్ములో తిరిగే దిశలోనే వాలిన షూను డ్రమ్ము తనంతట తానే లోపలికి లాక్కునే సౌలభ్యం డిస్కుకు లేదు కాబట్టి ఎక్కువ పీడనం కావాలి. డ్రమ్ముల కోసం గొట్టంలో కొంత పీడనాన్ని నిలిపి ఉంచే వాల్వు పాత సిలిండర్‌లో ఉంటుంది; దాన్ని అలాగే వదిలేస్తే ప్యాడ్లు డిస్కును వదలక రాసుకుంటూ, కాలు తీసినా బ్రేకు పట్టే ఉంటుంది. వెనుక చక్రాల వాటా మరో చిక్కు. రెండు మీటర్ల చక్రాంతరం మాత్రమే ఉన్న ఎత్తయిన జీపును గట్టిగా ఆపినప్పుడు బరువులో దాదాపు ఐదోవంతు ముందుకు మళ్లుతుంది, దిగుడులో ఇంకా ఎక్కువ. తేలికైన వెనుక చక్రాలు ముందే బిగుసుకుంటే బండి అడ్డం తిరుగుతుంది. అందుకే వెనుక మార్గంలో పీడనాన్ని కుదించే వాల్వు పెడతారు.

హ్యాండ్ బ్రేకును మరచిపోకూడదు. ఈ జీపుల్లో అది చక్రాలను కాక గేరుపెట్టె వెనుక తిరిగే షాఫ్టును పట్టుకుంటుంది. అందువల్ల ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపగానే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది, బండి జారిపోతుంది. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టకుండా జాకీ వేయరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశానికి భిన్నమైన మార్పులను నియంత్రిస్తుంది కాబట్టి, పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో విచారించడం అవసరం.

మార్పులు పూర్తయిన బండిని ఖాళీ చదును రోడ్డు మీద తక్కువ వేగంతో పదేపదే ఆపి, నాలుగు చక్రాల దగ్గరి డ్రమ్ముల, డిస్కుల వేడిని పోల్చి చూడాలి. ఇరుపక్కలా వేడి సమానంగా ఉంటేనే ఘాటుకు తీసుకుపోవాలి. అక్కడ కూడా పాత డ్రైవర్ల నియమం మారదు: ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపితే ఇంజను మోయగల భారమంతా బ్రేకుల మీద పడుతుంది, ఇంజను ఆపేస్తే బూస్టర్ సాయమూ కొద్దిపాటి తొక్కుళ్లతోనే అయిపోతుంది. ఎంత ఖరీదైన డిస్కు బిగించినా దానికీ ఒక వేడి పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాకా పోనివ్వకుండా చూసేది గేరే.